ఎనిమిది అడిగితే రెండిస్తారు

ప్రత్యూష అకౌంట్లో క్రెడిట్లు పడి నెల దాటింది. వాటితో ఆవిడ ఇప్పటిదాకా చేసిన పని, రోజుకోసారి తెరిచి ఉన్నాయో లేవో చూసుకోవడం. ఉన్నాయి. నిక్షేపంలా ఉన్నాయి. వాడుకోనిస్తేగా తరగడానికి.

ముప్పై ఏడేళ్ళొచ్చినా ఆవిడ పీహెచ్‌డీ ఇంకా పూర్తి కాలేదు. పగలు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో గెస్ట్ టీచరు. గెస్ట్ అంటే పేరుకే అతిథి. వారానికి ఇరవై రెండు క్లాసులు చెప్పించుకుని మంచినీళ్ళు కూడా అడగరు. సాయంత్రాలు, ఆదివారాలు పరిశోధన. యూనివర్సిటీ వాళ్ళు రెండుసార్లు గడువు పెంచారు, మూడోసారి పెంచబోమని కాగితం మీద రాసిచ్చారు. ఏప్రిల్ ఏడులోపు థీసిస్ ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఏడేళ్ళ చాకిరీ ఏట్లో కలిసినట్టే.

ఆవిడ చేస్తున్నది వినడానికి చిన్న పనే. రైలు చక్రం తిరిగే చప్పుడు విని అది బాగుందో లేదో చెప్పే ప్రోగ్రాం. చక్రం ఒకచోట అరిగి చదునైందనుకోండి, తిరిగినప్పుడల్లా టక్కు టక్కుమంటుంది. స్ప్రింగు విరిగితే ఒక రకం మోత, బేరింగు పాడైతే ఇంకో రకం. యార్డు వాళ్ళ అనుమతి తీసుకుని, పట్టాల పక్కన మైకు పెట్టి, మూడేళ్ళలో పదకొండు వందల చప్పుళ్ళు పోగేసింది. ప్రతి చప్పుడికీ పక్కన ఒక మాట ఉండాలి. బాగుంటే ఫిట్, తేడా ఉంటే సిక్. వ్యాగన్ల దగ్గర పనిచేసేవాళ్ళ భాషలో చెడిన బండికి జబ్బు చేసినట్టే లెక్క.

ఆ మాటలన్నీ రాసిపెట్టింది ఆవిడ తండ్రి జగన్నాథం. ముప్పై ఆరేళ్ళు బిలాస్‌పూర్ యార్డులో క్యారేజ్ అండ్ వ్యాగన్ డ్యూటీ చేసి రిటైరైన మనిషి. బండి స్టేషన్లోకి వస్తుంటే పట్టాల పక్కన గొంతుక్కూర్చుని, దాటిపోయే చక్రాల చప్పుడు విని, ఏడో వ్యాగన్ రెండో చక్రం అని చెప్పగలిగినవాడు. ఆయన తండ్రి పలాస వైపు నుంచి లోకో షెడ్డులో పనికని వచ్చాడు. అప్పట్నుంచీ ఈ హిందీ ఊరే. రాజ్‌కిశోర్ నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని, రైల్వే క్వార్టరు వదిలి పదకొండేళ్ళయింది.

ఇంత పోగేశాక తెలిసిన సంగతి, ఆవిడ లాప్‌టాప్ మీద ఈ లెక్క తేలాలంటే నలభై మూడు రోజులు పడుతుంది. అదీ మధ్యలో కరెంటు పోకపోతే. జీపీయూ అనే పెద్ద చిప్పు ఉన్న మెషీన్ మీదైతే పద్దెనిమిది గంటలు. అలాంటి మెషీన్లు ఎక్కడో దూరదేశంలో ఉంటాయి, ఇంట్లో కూర్చునే అద్దెకు వాడుకోవచ్చు. అద్దె మాత్రం గంటకి ఈవిడ ఒకరోజు జీతం. అందుకని గైడు రవిచంద్ర గారు సలహా ఇస్తే, పరిశోధన చేసేవాళ్ళకి ఒక కంపెనీ ఇచ్చే ఉచిత క్రెడిట్లకి దరఖాస్తు పెట్టింది. నాలుగు నెలలు తిప్పి జనవరి చివర్లో ఇచ్చారు. మార్చి ముప్పై ఒకటితో చెల్లిపోతాయి.

ఆ రోజు ఎంత సంబరపడిందో! ఇంటికొస్తూ అర కిలో జిలేబీ కూడా తెచ్చింది. తీరా కూర్చుని జీపీయూ కావాలని బటన్ నొక్కితే, మీ అకౌంటుకి అనుమతించిన జీపీయూలు సున్నా అని వచ్చింది. డబ్బు ఉంది, వస్తువు ముట్టుకోకూడదు. ముట్టుకోవాలంటే కారణం రాసి, ఎన్ని కావాలో రాసి వేరే అర్జీ పెట్టుకోవాలిట.

"ఎన్నడుగుతున్నావు?" అన్నాడు జగన్నాథం, కుర్చీ దగ్గరకి లాక్కుంటూ. అర్జీ అనే మాట వింటే ఆయనకి ప్రాణం లేచొస్తుంది.

"ఒకటి చాలు నాన్నా."

"ఒలమ్మా! ఒకటడిగితే ఏటిస్తారు? సున్నా ఇస్తారు. ముప్పై ఆరేళ్ళు ఇండెంట్లు రాసినాను నాను. ఆరు స్ప్రింగులు కావాలంటే ఇరవై నాలుగు రాసీవోణ్ణి. స్టోర్సోడు సగం కొట్టీసీవోడు. ఆపైన ఆఫీసరు సగం కొట్టీసీవోడు. మిగిలిన ఆరూ మనకొచ్చీవి. ఎనిమిదడుగు. రెండిస్తారు."

"నాన్నా, వో రైల్వే నహీ హై. కంపెనీ."

"ఇచ్చీవోడు ఎక్కడైనా ఒకలాగే ఉంతాడమ్మా. అడిగినంతా ఇచ్చీస్తే ఆడి కుర్చీకి విలువేటి?"

మామూలుగా అయితే ఆవిడ వినేది కాదు. ఆ రోజు అయిదు క్లాసులు చెప్పి, సిటీ బస్సులో నిలబడి వచ్చింది. కాళ్ళు లాగుతున్నాయి. అలసిపోయిన మనిషికి ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే అదే నిజమనిపిస్తుంది. ఎనిమిది అని కొట్టింది. కారణం గడిలో ఏం రాయాలో కూడా జగన్నాథమే చెప్పాడు, సవినయంగా మనవి చేసుకోవడం దగ్గర్నుంచి మీ దయకు సదా రుణపడి ఉంటాను అనేదాకా, ఆయనకి కంఠతా వచ్చిన రైల్వే ఇంగ్లీషులో. వంటింట్లోంచి తల్లి లక్ష్మీనరసమ్మ, "ట్రాన్స్‌ఫర్ కూడా అడిగీయండి," అంది.

నాలుగు రోజులకి జవాబొచ్చింది. మీ అకౌంటు ఇంతవరకు వాడిన తీరు చూస్తే ఇన్ని ఇవ్వడం కుదరదు. సగం కొట్టలేదు, పావు కొట్టలేదు. మొత్తం కొట్టేశారు.

"నాలుక్కి దిగు," అన్నాడు జగన్నాథం, ఏమాత్రం తొణక్కుండా. "బేరం మొదలైనాది."

నాలుక్కి దిగింది. ఈసారి ఆరు రోజులు పట్టింది. మీ అకౌంటు ఉచిత క్రెడిట్ల మీద మాత్రమే నడుస్తోంది. కార్డు జతచేసి, కొంతకాలం సొంత డబ్బు చెల్లించి వాడాక మళ్ళీ అడగండి. ప్రత్యూష ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. డబ్బులేదనే కదా వాళ్ళు క్రెడిట్లిచ్చింది. ఇచ్చినవాళ్ళే, ముందు డబ్బున్నదానివని నిరూపించుకో అంటున్నారు. ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం కూడా సరిగ్గా రాలేదు. ఏడ్చినా తిట్టినా మర్నాడు తొమ్మిదింటికి క్లాసుంది.

డెబిట్ కార్డు పెట్టి చూసింది. అది దేశం దాటదు. క్రెడిట్ కార్డు కోసం ఊళ్ళోనే కుదుదండ్ అనే పేటలో ఒక బ్యాంకుకెళితే, కౌంటర్లో ఆయన "పర్మనెంట్ హై క్యా?" అని అడిగి, కాదనగానే కళ్ళద్దాల మీదుగా చూశాడు. చివరికి ఆవిడ పేరున ఉన్న చిన్న ఎఫ్‌డీ తాకట్టు పెట్టుకుని కార్డిస్తామన్నారు. ఇచ్చారు కూడా. కానీ ఆధార్‌లో ఇంకా పాత రైల్వే క్వార్టరు చిరునామాయే ఉంది. రైల్వే వాళ్ళింట్లో పుట్టినవాళ్ళు క్వార్టరు ఖాళీ చేస్తారు గానీ చిరునామా ఖాళీ చెయ్యరు. కార్డు అక్కడికి వెళ్ళి కూర్చుంది. ఇప్పుడా ఇంట్లో ఉంటున్న పాయింట్స్‌మన్ పోలయ్య దాన్ని భద్రంగా దేవుడి పటం వెనక పెట్టి, ఎవరిదో తెలియక పది రోజులు ఊరుకున్నాడు. వెతుక్కుంటూ వెళితే, "అరే, మీదేనా దీదీ! ఏదో లాటరీ మోసం అనుకున్నాను," అని పసుపు అంటిన కవరు చేతిలో పెట్టాడు.

ఇదంతా అయ్యేసరికి మార్చి ఇరవై నాలుగు.

మూడో అర్జీ రాసేటప్పుడు ప్రత్యూష తండ్రిని పిలవలేదు. కాలేజీ స్టాఫ్ రూములో, రెండు క్లాసుల మధ్య దొరికిన అరగంటలో తనే రాసింది. నాకు కావలసింది ఒకటి. పద్దెనిమిది గంటల పని. రైలు చక్రాల చప్పుళ్ళు పదకొండు వందలున్నాయి, వాటిలో ఏది ఏదో మా నాన్న చెవితో విని రాశారు. ఏప్రిల్ ఏడున థీసిస్ ఇవ్వాలి. ఇంతకుముందు ఎనిమిది అడగడం నా తప్పు, మా ఇంట్లో అలా అడగడం అలవాటు. ఆ ఆఖరి వాక్యం తీసేద్దామా అనుకుంది. తీసే ఓపిక లేక పంపేసింది.

ముప్పయ్యో తారీఖు పొద్దున్న, బ్రష్ నోట్లో ఉండగా జవాబు వచ్చింది. కింద మైత్రి అని సంతకం ఉంది. ఇన్నాళ్ళకి మొదటిసారి ఒక మనిషి పేరు. ఒక జీపీయూ ఇస్తున్నాం, మీ క్రెడిట్లు ముగిసేవరకు మాత్రమే. మీ ఆఖరి గంట మా దగ్గర మార్చి ముప్పై ఒకటి అర్ధరాత్రి, అంటే భారత కాలమానం ప్రకారం ఏప్రిల్ ఒకటి మధ్యాహ్నం పన్నెండున్నర. దాని కింద ఇంకో ముక్క రాసింది ఆ అమ్మాయి. మీలాంటి అకౌంట్లు ఒక్కటి అడిగితే సాధారణంగా మొదటి విడతలోనే ఇచ్చేస్తాం, పెద్ద సంఖ్యలే పై పరిశీలనకి వెళ్ళి చిక్కుపడతాయి.

ప్రత్యూష వాష్‌బేసిన్ దగ్గర అలాగే నిలబడింది. రెండు నెలలు. బ్యాంకులు, కార్డు, పోలయ్య ఇల్లు, రవిచంద్ర గారి ముందు తలొంచుకోవడాలు, అన్నీ ఆ ఎనిమిదికి. హాల్లో జగన్నాథం పేపరు చదువుతున్నాడు. "ఏటమ్మా, ఏటైనా వచ్చిందా?" అన్నాడు. ఒకటిచ్చారని చెప్పింది. "సూసినావా! నాలుగడిగితే ఒకటొచ్చింది," అన్నాడాయన మురిసిపోతూ. ఆవిడ పళ్ళు బిగబట్టి నోరు కడుక్కుంది.

అనుమతి వచ్చినంత మాత్రాన మెషీన్ రాలేదు. ప్రస్తుతం ఖాళీ లేదు, కాసేపాగి ప్రయత్నించండి అని తెర మీద ఎర్ర గీత. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. కాలేజీకి సెలవు చెప్పి పదింటిదాకా నొక్కింది. తర్వాత జగన్నాథం కూర్చున్నాడు. తత్కాల్ టిక్కెట్లకి ఆ కాలనీలో ఆయన్ని మించినవాడు లేడు. కళ్ళద్దాలు సర్దుకుని, చూపుడు వేలు నిటారుగా పెట్టి, నిమిషానికోసారి, కదలకుండా, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని నొక్కాడు. రెండూ నలభైకి తెర పచ్చబడింది. "వచ్చీసింది! బెర్తు వచ్చీసింది!" అని ఆయన కేకేసేసరికి పక్కింటివాళ్ళు కూడా తొంగిచూశారు.

మూడింటికి పని మొదలైంది. మర్నాడు పొద్దున్న తొమ్మిదికి పూర్తవుతుంది.

పూర్తయింది కూడా. చెప్పిన టైముకే. ప్రత్యూష కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఫలితం తెరిచింది. పరీక్షకని ముందే పక్కన పెట్టిన నూట పది చప్పుళ్ళలో ప్రోగ్రాం సరిగ్గా చెప్పినవి అరవై ఎనిమిది. నూటికి అరవై రెండు. కళ్ళు మూసుకుని ఫిట్, సిక్ అని అనుకుంటూ పోయినా యాభై వస్తాయి. దీని మొహానికి ఏడేళ్ళు.

కాఫీ చల్లారిపోయింది. తల్లి వచ్చి గ్లాసు తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చింది. అదీ చల్లారింది.

కాసేపటికి ఎక్కడ తప్పిందో వెతకడం మొదలుపెట్టింది. జగన్నాథం రాసినవి రెండు నోటుపుస్తకాలు. మొదటిదానిలో ఏడు వందల పన్నెండు చప్పుళ్ళు. అప్పుడు తండ్రీకూతుళ్ళు ఆదివారాలు పక్కపక్కనే కూర్చుని విన్నారు. రెండోదానిలో మూడు వందల ఎనభై ఎనిమిది. కిందటేడు ఈవిడకి క్లాసులు పెరిగి తీరిక లేక, ఆయన్నే ఒంటరిగా విని రాయమంది. పక్కపక్కన పెట్టి చూస్తే తమాషాగా ఉంది. అచ్చం ఒకలాంటి చప్పుడే మొదటి పుస్తకంలో ఫిట్, రెండో పుస్తకంలో సిక్. అప్పుడు లెక్కపెట్టింది. మరమ్మతు లైను దగ్గర కూడా మైకు పెట్టింది కాబట్టి మొదటి పుస్తకంలో సగానికి కాస్త తక్కువ సిక్‌లున్నాయి, అంతే ఉండాలి. రెండో పుస్తకంలో మూడు వందల ఎనభై ఎనిమిదికి మూడు వందల యాభై ఒకటి సిక్. ఆ లెక్కన యార్డులో బండ్లేవీ కదలకూడదు.

ఈ లెక్క ఏడాది కిందటే చూసుకోవాల్సింది. పరిశోధన చేసేవాళ్ళు మొట్టమొదట చూసుకునేది అదే. తను చూడలేదు. నాన్న రాశాడంటే సరిగ్గానే ఉంటుందనుకుంది, ఇంకో పక్క తెమలని పనులు వంద ఉన్నాయి. ఇప్పుడు కూడా ఆవిడకి తట్టింది మైకు సంగతే. కిందటేడు మైకు మార్చింది, బహుశా అది కరకరలాడి ఉంటుంది, ఆయన దాన్నే తేడా అనుకుని ఉంటాడు. ఓ పది చప్పుళ్ళు మళ్ళీ వినిపిస్తే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం మూడింటికి భోజనాల బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన చిన్న స్పీకరు పెట్టింది. జగన్నాథం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వినడానికి కళ్ళద్దాలెందుకో గానీ అవీ పెట్టుకున్నాడు. తల కొంచెం పక్కకి వంచి కూర్చున్నాడు.

"కానియ్యమ్మా."

ఆవిడ నొక్కింది. ఆయన కళ్ళు చిట్లించి విన్నాడు. ఇరవై సెకన్లు. చప్పుడిని చూపే గీత తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి ఆగింది.

"సిక్," అన్నాడు. "రాసుకో."

ప్రత్యూష రాసుకోలేదు. తనకేమీ వినపడలేదు. స్పీకరు వైపు చూసింది. నీలం దీపం వెలగలేదు. ఆన్ చెయ్యడమే మర్చిపోయింది.

ఆ క్షణాన ఊరుకుని ఉండాల్సింది. కానీ ఆవిడ వేలు మళ్ళీ బటన్ మీదకి వెళ్ళింది. వెళ్ళినందుకు తర్వాత చాలాసార్లు తనని తాను తిట్టుకుంది. ఇంకోటి నొక్కింది. ఇల్లంతా నిశ్శబ్దం. పైన ఫ్యాను తిరుగుతోంది, వంటింట్లో అమ్మ చింతపండు పిసుకుతోంది. ఆయన తల వంచి, చాలా శ్రద్ధగా, కూతురి మొహంలోకి చూస్తూ విన్నాడు.

"ఇదీ సిక్కే అమ్మా."

"నాన్నా, స్పీకర్ ఆన్‌లో లేదు."

"ఆఁ?"

"స్పీకర్... ఆన్... చెయ్యలేదు నాన్నా!"

ఆయన స్పీకరు వంక చూశాడు. దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు. వంటింటి గుమ్మంలో లక్ష్మీనరసమ్మ వచ్చి నిలబడింది. ఆవిడకి ఇదేమీ కొత్త సంగతి కాదని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళయింది?" అంది ప్రత్యూష.

"రెండేళ్ళవుతాది," తల్లి చెప్పింది. "ఎడం సెవి అంతకు ముందే పోనాది. సెప్పొద్దన్నాడు."

అప్పుడు వచ్చింది ప్రత్యూషకి కోపం. రెండు నెలలుగా ఎక్కడ దాక్కుందో మొత్తం ఒక్కసారే వచ్చింది. "సెప్పొద్దన్నాడా! ఏడేళ్ళ పని నాన్నా! ఎనిమిదడుగు, ఎనిమిదడుగు అని రెండు నెలలు పోగొట్టావు. ఒకటడిగితే ఫిబ్రవరిలోనే ఇచ్చేవాళ్ళట, పతా హై తుమ్హే? ఇప్పుడు ఇదా? వినపడకపోతే వినపడలేదని రాయొచ్చుగా! ఖాళీగా వదిలెయ్యొచ్చుగా! సిక్, సిక్, సిక్ అని ఎందుకు రాశావు?"

ఇది మాత్రం ఆయనకి బాగానే వినపడింది. వీధిలోవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

జగన్నాథం బల్ల మీద రెండో నోటుపుస్తకం తెరిచి, తన చేతిరాతనే వేలితో కిందకంటా చూసుకుంటూ పోయాడు.

"వినపడందాన్ని ఫిట్ అని ఎలగ రాత్తానమ్మా?" అన్నాడు చివరికి. "యార్డులో మొదటిరోజు మాకు సెప్పింది అదొక్కటే. గాలి కొడుతున్నాదా, పక్క లైన్లో ఇంజను కూస్తున్నాదా, నీకు చక్రం తెల్లేదా, సిక్ రాసీ. బండాగిపోద్ది. ఆఫీసరు తిడతాడు. తిడితే తిట్నీ. ఫిట్ రాసీసి వదిలీసినావనుకో, ఆ డబ్బాలెనక జనం బండి ఉంటే? నా సర్వీసులో తెల్లని చక్రానికి ఒక్కదానికి ఫిట్ రాయలేదు. చెయ్యి రాదమ్మా."

"ఇది నిజం బండి కాదు కదా నాన్నా."

"నాకు నిజం బండే," అన్నాడాయన. "మొదట్లో కొంచెం వినపడీది. సౌండు పెంచీవోణ్ణి. తర్వాత గీత ఊగడం సూసి రాసీవోణ్ణి. ఆ తర్వాత అదీ తెల్లేదు. నీ మిషను పెద్దది కదా, నాను తప్పు రాసినా అది సరిచేసుకుంటాదనుకున్నాను."

"నాకు చెప్పుంటే ఇంకెవరినైనా..."

"అదే," అన్నాడు జగన్నాథం. "ఇంకెవుడినైనా పెట్టుకుందువు. మరి నానేటి సేద్దును? పొద్దున్న లేస్తే నాకు ఇంకే డ్యూటీ ఉంది?"

ప్రత్యూషకి కోపం వచ్చినంత తొందరగానే దిగిపోయింది, దిగిపోయాక ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఎనభయ్యేళ్ళదానిలా అనిపించింది. ఆదివారాలు తను కాలేజీ పేపర్లు దిద్దుకుంటుంటే, ఈ బల్ల ముందు ఈయన వినపడని చప్పుళ్ళని మూడు వందల ఎనభై ఎనిమిదిసార్లు విన్నాడు. తను ఆ గదిలోంచే అటూ ఇటూ తిరిగింది. స్పీకరు ఎంత గట్టిగా మోగుతోందో విని, కొంచెం తగ్గించు నాన్నా అని విసుక్కున్నది కూడా తనే.

టైము నాలుగు దాటింది. ఇంకా ఇరవై గంటలు చేతిలో ఉన్నాయి. మొదటి పుస్తకం ఒక్కటే పెట్టి మళ్ళీ నడిపితే పన్నెండు గంటలు. చెయ్యాల్సింది తెలుస్తూనే ఉంది. రెండో పుస్తకం మొత్తం తీసెయ్యాలి. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా ఆ పని చెయ్యడానికి చెయ్యి లేవలేదు. లోపలి గదిలోకి వెళ్ళి చేద్దామని లాప్‌టాప్ మూసింది.

"ఎక్కడికి?" అన్నాడాయన. "ఇక్కడే సెయ్యి. నాను రాసినవి నాను సూస్తుండగానే తీసీ. ఎన్నో నంబరు నుంచి నమ్మకం లేదో నాకే తెలుసు."

కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. పుస్తకం ముందేసుకుని, మొదటి పుస్తకం ఆఖరి పేజీల నుంచి నంబర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆరు వందల తొంభై నాలుగు, ఉంచు, అది బేరింగు, బాగా విన్నాను. ఏడు వందల రెండు, తీసీ, ఆ రోజు సరిగా తెల్లేదు, ఉత్తినే ఫిట్ రాసినాను, నువ్వు పక్కనుండి అదే అన్నావని. ఏడు వందల ఎనిమిది, తీసీ. ప్రత్యూష ఆయన చెప్పినట్టల్లా తీస్తూ వెళ్ళింది. రెండో పుస్తకం దగ్గరకి వచ్చాక ఆయన నంబర్లు చెప్పడం మానేసి, అట్ట మూసి, దాన్ని పక్కకి తోశాడు. ఏడు వందల ఆరు మిగిలాయి.

అయిదున్నరకి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి జగన్నాథం తెర వంక చూడలేదు. చెప్పులేసుకుని పార్కు దాకా నడిచొస్తానని వెళ్ళాడు. లక్ష్మీనరసమ్మ ఆయన వెనకే వెళ్ళింది. రోడ్డు దాటేటప్పుడు హారన్లు వినపడవుట, ఏడాదిగా అలాగే వెళుతోందిట. అది కూడా ప్రత్యూషకి ఆ సాయంత్రమే తెలిసింది.

ఏప్రిల్ ఒకటి పొద్దున్న, కాలేజీకి మళ్ళీ సెలవు చెప్పి, స్నానం చేసి, టిఫిను తినేదాకా ఆవిడ ఫలితం తెరవలేదు. ఎంత వచ్చినా ఇంకో అవకాశం లేదు. తెరిచి చూసింది. అంకె చూసి, ఏదో తప్పు కొట్టానేమోనని పరీక్షకని పక్కన పెట్టినవాటిలో మొదటి పుస్తకానివాటితో మళ్ళీ సరిచూసింది. అదే అంకె. నూటికి తొంభై ఒకటి. రవిచంద్ర గారికి ఫోన్ చేస్తే ఆయన ఇంకేమీ అడక్కుండా, "ఇవాళే ఆ చాప్టర్ రాయడం మొదలుపెట్టమ్మా," అన్నారు.

జగన్నాథం వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన చాప మీద కూర్చుంది. చెప్పింది. ఆయన తల తిప్పలేదు. కుడి వైపుకి జరిగి, చెవి దగ్గరగా వంగి, గట్టిగా చెప్పింది.

"తొంభై ఒకటి నాన్నా!"

"ఎవులికి?"

"నీకే. నువ్వు విన్నవాటితోనే నేర్చుకుంది. అచ్చం నువ్వు విన్నట్టే వింటోంది. అది నీ చెవే నాన్నా."

ఆయన ఒలుస్తున్న కాయ చేతిలో అలాగే పట్టుకుని అవునన్నట్టు తలాడించాడు.

"అయితే జాగర్తగా దాచుకోమ్మా," అన్నాడు. "నా కాడున్నది పోనాది."